పద్దెనిమిది రూపాయల స్విచ్

ప్రశ్న: మాస్టారూ, అద్దెకిద్దామని మేడమీద ఒక పోర్షన్ వేస్తున్నాం. 62 స్విచ్‌లు పడతాయని ఎలక్ట్రీషియన్ లెక్క చెప్పాడు. షాపులో పేరున్న కంపెనీ స్విచ్ 48 రూపాయలు, ఎప్పుడూ పేరు వినని కంపెనీది 18. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. "లోపలంతా ఒకటేనమ్మా, పేరుకే డబ్బులు" అన్నాడు షాపాయన. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే మీట) పెడుతున్నాం కాబట్టి ఏదైనా అయితే అదే పడిపోతుంది, భయం లేదంటారు మావారు. చౌకవి వాడొచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీవారి సంగతి చూద్దాం. ఎంసీబీ చూసేది తీగలో ఎంత కరెంటు పోతోందన్నదే. స్విచ్ లోపల కాంటాక్టు సరిగ్గా ఆనకపోతే అక్కడ వేడి పుడుతుంది గానీ కరెంటు పెరగదు. 2,000 వాట్ల గీజరు ఎప్పటిలాగే తొమ్మిది ఆంపియర్ల లోపు తీసుకుంటూ ఉంటుంది. స్విచ్ మాడి ప్లాస్టిక్ కారుతున్నా ఎంసీబీ కదలదు. దాని దృష్టిలో అంతా బాగానే ఉంది మరి.

ఇక లోపలంతా ఒకటే అన్న షాపాయన ఏనాడూ విప్పి చూసి ఉండడు. ముప్పై నాలుగేళ్లు వైరింగ్ కాంట్రాక్టులు చేసిన నాకు అదో పిచ్చి. మాడిపోయిన స్విచ్‌లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచాను. మంచి స్విచ్ విప్పితే, మనం నొక్కినప్పుడు కదిలే పట్టీ చివర కందిగింజలో సగం ఉండే తెల్లటి చుక్క కనిపిస్తుంది. అది వెండి కలిపిన లోహం. ఎదుటి పట్టీకీ అలాంటిదే ఇంకోటి ఉంటుంది. ఆన్, ఆఫ్ చేసినప్పుడల్లా పుట్టే చిన్న నిప్పురవ్వను తట్టుకునేది ఆ రెండు చుక్కలే. నా డబ్బాలోని చౌకరకం ఒకదాంట్లో చుక్కే లేదు. పల్చటి రేకును వంచి అదే కాంటాక్టు అనిపించారు. ఆ రేకు కూడా ఇత్తడి పూత పూసిన ఇనుమే.

నీతులు చెబుతున్నాను గానీ నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. ఒక పని దగ్గర మిగిలిన చౌకరకం స్విచ్‌ను, ఎందుకు పారేయడమని, మా ఇంట్లో నీళ్ల మోటారుకు బిగించాను. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకు కొన్ని రెట్లు కరెంటు లాగుతుందని తెలిసీ. నాలుగు నెలల తర్వాత ఒకరోజు ఇంట్లో చేపల వాసన. ఆరోజు మా ఆవిడ వండింది బెండకాయ వేపుడు. స్విచ్‌బోర్డుల్లో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్‌లు కాగితే అచ్చం అలాగే వాసనొస్తుంది. విప్పితే స్క్రూ చుట్టూ నల్లగా బొగ్గు.

షాపులో విప్పనివ్వరు కాబట్టి మీరు చూడగలిగినవి చెబుతాను. మొదట ఐఎస్‌ఐ మార్కు. స్విచ్‌లకు అది తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 3854 అనీ, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. ఉత్త గుర్తు ఎవడైనా అచ్చేస్తాడు. ఆ నంబరును ఫోన్‌లో, ఈ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. డబ్బా మీది కంపెనీ పేరే వస్తే సరే. నంబరే లేకపోతే అక్కడితో బేరం ఆపేయండి.

తర్వాత వెనక్కి తిప్పి, వైరు బిగించే స్క్రూను స్క్రూడ్రైవర్‌తో నాలుగైదుసార్లు బిగించి వదలండి. చౌకవాటిలో రెండోసారికే మర జారిపోతుంది. ఇది నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకుంటాను. మర జారితే వైరు లూజు, లూజైతే వేడి. అయస్కాంతం స్ప్రింగుకూ స్క్రూకూ అంటుకుంటే తప్పులేదు, వైరు దూర్చే లోహపు భాగానికి అంటుకుంటే మాత్రం అది ఇనుమన్నమాట. నొక్కితే "టక్" మని ఒక్క దెబ్బకు పడాలి. మధ్యలో నిలబడేట్టుంటే వద్దు.

అలాగని 48 రూపాయలదే కొనమనడం లేదు. నంబరు సరిపోయి, స్క్రూ నిలిస్తే, డిజైన్ లేని సాదా స్విచ్ చాలు. గాజుపలకలాంటి ప్లేట్లకు పెట్టే డబ్బు అందానికే. మీ రెండు ధరల మధ్య తేడా మొత్తం 1,860 రూపాయలు. అంత కష్టమైతే ప్లేట్లలో తగ్గించుకోండి. గీజరు, ఏసీ, మోటారు, వంటింటి పాయింట్లకు మాత్రం 16 ఆంపియర్లవే పెట్టించండి. 6 ఆంపియర్ల స్విచ్ మోసేది 1,380 వాట్లే. అద్దెకొచ్చినవాళ్లు దానికి గీజరు తగిలించరని మీరు పూచీ పడగలరా?

ప్రశ్న: స్విచ్ ఆపేసినా మా ఎల్‌ఈడీ బల్బు రాత్రిళ్లు సన్నగా వెలుగుతోంది. చౌక స్విచ్ కావడం వల్లేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్విచ్‌ను తిట్టకండి, చాలాసార్లు తప్పు వైరింగ్‌ది. ఫేజ్‌ను (కరెంటు వచ్చే తీగను) కట్ చేయాల్సిన చోట న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే తీగను) కట్ చేసి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయి వేలు తగిలితే షాకే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టర్‌తో చూపించండి, అప్పటిదాకా మెయిన్ ఆపకుండా ఆ బల్బు ముట్టుకోవద్దు. ఫేజ్ స్విచ్‌కే వచ్చి ఉంటే, స్విచ్‌లో చిన్న ఎర్రలైటు ఉందేమో చూడండి. దాంట్లోంచి పోయే కాస్త కరెంటుకు కూడా ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. దాంతో ప్రమాదం లేదు, నిద్రే పాడవుతుంది.