గిడ్డంగిలో ఉద్యోగమా, అనలిటిక్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్‌తో డిగ్రీ పూర్తి చేస్తోంది. ఒక లాజిస్టిక్స్ కంపెనీ తమ గిడ్డంగిలో మేనేజ్‌మెంట్ ట్రైనీగా తీసుకుంటామంది. తను చేరతానంటోంది. నాకేమో ఆరు నెలల సప్లై చైన్ అనలిటిక్స్ కోర్సులో (సరుకు రాకపోకల లెక్కలను విశ్లేషించే చదువు) చేర్పించాలని ఉంది. ఇంత చదివించింది గోడౌనులో అట్టపెట్టెలు లెక్కపెట్టడానికా? పైగా అక్కడికి రోబోలు వచ్చేస్తున్నాయంటున్నారు. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది పోలికే అయినా, ఉత్తరం నిండా కనిపిస్తున్నది భయం. అమ్మాయి అక్కడే ఉండిపోతుందేమోనన్నది ఒకటి. ఏం చేస్తోందని నలుగురూ అడిగితే ఏమని చెప్పాలన్నది ఇంకొకటి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. మొదటి భయం తీర్చడానికి నేను ప్రయత్నిస్తాను. రెండోది మీరే వదులుకోవాలి, ఎందుకంటే దాని బరువు మోయాల్సింది మీ అమ్మాయి.

ముందుగా, గిడ్డంగి అంటే సరుకు ఊరికే పడి ఉండే చోటన్న ఆలోచన తీసేయండి. పంట ఒక్క సీజన్‌లో చేతికి వస్తుంది, జనం ఏడాది పొడవునా తింటారు. ఫ్యాక్టరీ వేలల్లో తయారు చేస్తుంది, కొనేవారు ఒక్కటే అడుగుతారు. ఈ తేడాను భరించేది గిడ్డంగి. అందులో ప్రతి నిర్ణయానికీ డబ్బు లెక్క ఉంటుంది. ఆర్డరులోని వస్తువులను అరల నుంచి ఏరి తెచ్చే పికింగ్‌కే సాధారణంగా కూలి ఖర్చులో పెద్ద వాటా పోతుంది, అందులోనూ ఎక్కువ సమయం నడకకే. అందుకే తరచూ కదిలే సరుకును డిస్పాచ్ గేటుకు దగ్గరగా, వంగకుండా చేతికి అందే ఎత్తులో పెడతారు. ఎప్పుడో ఒకసారి కదిలేవి వెనక్కీ పైకీ వెళతాయి. మందుల విషయంలో ముందు వచ్చినది కాదు, ముందు గడువు తీరేది ముందు బయటికి వెళ్లాలి. చాలా వ్యాక్సిన్లను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి తగిలితేనే కాదు, గడ్డకట్టినా వాటిలో కొన్ని పనికిరాకుండా పోతాయి. అరలన్నీ కిక్కిరిసి ఉంటే బాగా నడుస్తోందని బయటివారు అనుకుంటారు. నిజానికి కొత్త సరుకు దించడానికి చోటు లేక, ఒకటి తీయాలంటే రెండు జరపాల్సి వచ్చి అక్కడ పని నత్తనడక నడుస్తుంది.

ఇక మీరు తేలిగ్గా అన్న ఆ లెక్కపెట్టడం సంగతి. కంప్యూటర్‌లో 40 ఉన్నాయంటుంది, అరలో 37 ఉంటాయి. ఆ మూడూ ఏమయ్యాయి? వాపసు వచ్చినవి వేరే అరలోకి వెళ్లాయా, పగిలినవి నమోదు కాలేదా, ఒకేలా ఉన్న రెండు లేబుళ్లు తారుమారయ్యాయా, దించుకునేటప్పుడే పెట్టెలకూ విడి వస్తువులకూ మధ్య పొరపాటు జరిగిందా? ఏడాదికోసారి తలుపులు మూసి లెక్కించే బదులు రోజూ కొన్ని అరలు సరిచూస్తూ ఇలాంటి తేడాలను మూలం దాకా వెతకడాన్ని సైకిల్ కౌంటింగ్ అంటారు. ఈ వెతుకులాట వచ్చినవారిని కంపెనీలు తేలిగ్గా వదులుకోవు. మేనేజర్లుగా ఎదిగేదీ వాళ్లే.

మీరు మోజుపడుతున్న కోర్సుపై నాకు గట్టి అనుమానాలున్నాయి. అనలిటిక్స్ వ్యర్థమని నేను అనను, అది అవసరమైన విద్యే. నా అభ్యంతరం వరుస గురించి. ఇలాంటి చాలా కోర్సుల్లో విద్యార్థి చేతికి శుభ్రం చేసిన పట్టిక ఇస్తారు. దాని మీద రంగురంగుల గ్రాఫులు గీయిస్తారు, గిరాకీ అంచనా వేయిస్తారు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. అసలు పట్టికలు అలా ఉండవు. ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఒక వస్తువు అమ్మకాలు వరుసగా నాలుగు రోజులు సున్నా అని ఉంది. అరలు చూడని వ్యక్తి గిరాకీ పడిపోయిందనుకుని వచ్చే నెల ఆర్డరు తగ్గిస్తాడు. కానీ ఆ నాలుగు రోజులూ అసలు సరుకే లేదు, అడిగినవారు ఖాళీ చేతులతో వెళ్లిపోయారు. పెంచాల్సిన చోట తగ్గించాడన్నమాట. గిడ్డంగిలో ఏడాది పనిచేసిన అమ్మాయి ఆ సున్నా చూడగానే స్టాకు ఉందా అని అడుగుతుంది. ఈ ప్రశ్న అడిగే అలవాటు ఆరు నెలల కోర్సులో రావడం కష్టం. పని చూసినవారు తర్వాత అనలిటిక్స్ నేర్చుకోగా నేను చూశాను. పని చూడకుండా సర్టిఫికెట్లు మాత్రం పోగేసుకుని, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోయినవారినీ చూశాను. రెండో రకం పిల్లలను చూసినప్పుడు నాకు కోపం వచ్చేది వాళ్ల మీద కాదు, వాళ్లను అటు తోసిన పెద్దల మీద.

రోబోల విషయంలో మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అమెజాన్ 2012లో గిడ్డంగి రోబోలు తయారుచేసే కివా సిస్టమ్స్‌ను 77.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ యంత్రాలు అరనే మోసుకుంటూ మనిషి దగ్గరికి తెస్తాయి. అంటే ముందుగా తగ్గింది నడక. ఒకే పని పదేపదే చేసే ఉద్యోగాలు ఇంకా తగ్గుతాయి, అందులో సందేహం లేదు. అయితే రోబోకైనా పెట్టె కొలత, బరువు, ఉన్న చోటు తప్పుగా నమోదై ఉంటే అది తప్పు అర దగ్గరికే వెళుతుంది. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేవారు, తేడా వస్తే కారణం పట్టుకునేవారు కావాలి. మీ అమ్మాయికి వచ్చిన అవకాశం ఆ వైపుదే.

కష్టం లేదని మాత్రం చెప్పను. గంటల తరబడి నిలబడాలి. గిరాకీ ఎక్కువైన రోజుల్లో ఇంటికి వెళ్లే వేళ చేతిలో ఉండదు, రాత్రి షిఫ్టులు రావచ్చు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే చోట ఏమరుపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఇవన్నీ తెలిసే తను చేరతానంటోందేమో. ఎందుకు చేరాలనుకుంటున్నావని మీరు ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో మీ కోరిక ఉంది, మీ పరువు ఉంది, ఆమె కారణం మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. రోజుకు పన్నెండు గంటలు నిలబడి సరుకు పంపేవాళ్ల పనిని పిల్లల ముందు చులకన చేయకండి. అత్యవసరమైన మందు మీ ఇంటికి వేళకు చేరుతోందంటే వాళ్ల వల్లే.

కాబట్టి చేరనివ్వండి. సాయంత్రాలు వీలున్నప్పుడు ఎక్సెల్ లోతుగా, తర్వాత డేటాబేస్ నుంచి కావలసిన వివరాలు తీసే కంప్యూటర్ భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోమనండి. ఏడాది తర్వాత కూడా అనలిటిక్స్ మీద ఆసక్తి ఉంటే అప్పుడు కోర్సు ఎంచుకోవచ్చు, అప్పటికి ఏది పనికొచ్చేదో తనకే తెలుస్తుంది. చేరే ముందు కంపెనీని కొన్ని సంగతులు అడగాలి. సరుకు దించుకోవడం, నిల్వ, డిస్పాచ్, వాపసులు అన్నింటిలోనూ ట్రైనీలను తిప్పుతారా, లేక ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారా? గిడ్డంగి సాఫ్ట్‌వేర్‌లో స్కానింగ్ ఒక్కటేనా, రిపోర్టులు తీయడం కూడా నేర్పిస్తారా? రాత్రి షిఫ్టు ఉంటే రాకపోకలకు వాహనం ఎవరిది? భద్రతా శిక్షణ మొదటి వారంలోనే ఇస్తారా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఒకే బల్ల అంటే మాత్రం మరో కంపెనీ చూసుకోమనండి. ఇవి అడగడానికి ఫోను మాత్రం అమ్మాయినే చేయనివ్వండి.