బిడ్డ ఫోన్‌కు తాళం ఎందుకు పడింది?

హన్మకొండ నుంచి ఓ తల్లి రాశారు: తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఫోన్‌కు లాక్ పెట్టుకుంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆమెకు తెలియకుండా మెసేజ్‌లు చదివే యాప్ ఏదైనా ఉందా?

అమ్మా, ఆ యాప్ పేరు నేను చెప్పను. మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరే ఆగిపోయాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవడో అసభ్యమైన ఫొటో పంపమని వేధిస్తున్నాడని ఆ పిల్ల తనంతట తానే వచ్చి మీకు చెప్పింది. మీరు ఫోన్ తీసుకెళ్లి బావగారి చేతిలో పెట్టారు. సద్దుల బతుకమ్మ నాడు, ఇంటినిండా చుట్టాలుండగా, ఆయన ఆ మెసేజ్‌లు పైకి చదివారు. మీ బిడ్డ మలీద ముద్దల పళ్లెం పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయిందట. మీరు ఏమీ అనలేదు. ఫోన్‌కు తాళం పడింది ఆ రోజే.

మీ ఆయన భూపాలపల్లి గనిలో ఉంటారు, వారానికోసారి వస్తారు. బావగారి మాట దాటలేని మీ ఇబ్బంది నాకు తెలుసు. పెళ్లి సంబంధాలు, పొలం పంపకాలు ఆయన్నే అడగండి. కన్నబిడ్డ మీ ఒక్కరికే చెప్పుకున్న మాట మాత్రం మీ దగ్గరే ఉండాలి. పెద్దల ముందు మీరు పాటించిన మర్యాద బరువంతా పద్నాలుగేళ్ల పిల్ల మీద పడింది. నాకు కోపం వచ్చింది, దాచుకోను.

దొంగచాటుగా చదివితే ఆమె రేపు స్నేహితురాలి ఫోన్‌లో ఇంకో ఖాతా తెరుస్తుంది. రాత్రి వేళలకు హద్దు పెట్టాలంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్ ఉంది. పిల్లకు చెప్పే పెట్టండి. అది మెసేజ్‌లు చదవనివ్వదు, ఆ మాత్రం చాలు.

ఇంతకీ ఆ వేధించేవాడు ఏమయ్యాడు? ఇంట్లో ఒక్కరైనా అడిగారా? మెసేజ్‌లు చెరపొద్దు, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టండి. 18 ఏళ్లు నిండని పిల్లను అలా వేధించడం పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా ఆడపిల్లల మీద వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్‌కు చెప్పండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఆమె వెనకాల కాదు.

ఈ ఆదివారం మీ ఆయన వచ్చాక ముగ్గురే కూర్చోండి. "నీ మాట నలుగురిలో పెట్టిన, తప్పు నాదే బిడ్డా" అని ముందు మీరే అనాలి. అన్నగారితో మాట్లాడాల్సింది మీ ఆయన. ఆ పని మీ మీద వేసుకోకండి. పిల్ల ఆ రోజు నోరు విప్పకపోవచ్చు. అయినా సరే, ఫోన్ మాత్రం అడగకండి.