సర్వీస్ ఛార్జీ కట్టాం, టిప్పూ ఇచ్చాం: ఆ డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి. 2025 మే 18న హైదరాబాద్‌లోని ఒక రెస్టారెంట్‌లో మా అమ్మానాన్నల పెళ్లిరోజు విందు చేసుకున్నాం. బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ వేశారు. తీసేయమంటే మేనేజరు ‘మెనూలోనే రాశాం కదా, అంత కట్టలేనివాళ్లు ఇక్కడికెందుకొచ్చారు?’ అని వియ్యాలవారి ముందే అనేశాడు. పరువు పోతుందని 7,392 రూపాయలూ ఫోన్‌లో కట్టేశాను. వెయిటర్ మంచివాడు, అతనికి విడిగా 500 పంపాను. నాన్న ఆ రాత్రంతా నిద్రపోలేదు. బిల్లు ఎక్కడో పోయింది. రెండు డబ్బులూ వెనక్కి రావాలి, అవమానానికి 5 లక్షలు అడగాలి. ఈమధ్య అక్కడే తిన్న స్నేహితుడి దగ్గర సర్వీస్ ఛార్జీ వేసిన బిల్లు ఉంది. దాన్ని పెట్టి కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మేనేజరు మాటలకే పోయింది. తేలాల్సింది ఒక్కటే. మీరు కట్టిన 7,392లో సర్వీస్ ఛార్జీ అనే పద్దు ఉందని, దాన్ని మీరు అడగకుండానే వేశారని చూపే కాగితం ఏది?

ఫోన్‌లో ఉన్న చెల్లింపు సందేశం చాలనుకుంటున్నారేమో. చాలదు. మీ లెక్క ఇది: భోజనం 6,400, దాని మీద సర్వీస్ ఛార్జీ 640, మొత్తం 7,040 మీద 5 శాతం జీఎస్టీ 352, వెరసి 7,392. ఎదుటి పక్షం లాయరు లేచి, ‘భోజనమే 7,040 అయింది, జీఎస్టీతో 7,392, సర్వీస్ ఛార్జీ వేయనే లేదు’ అంటే మీ సందేశం ఆ మాటకూ అంతే బాగా సరిపోతుంది. అది చెప్పేది మొత్తం ఎంతన్నదే, అందులో ఏముందన్నది కాదు. తగువు పడిన బిల్లును పారేసుకోవడం చిన్న నిర్లక్ష్యం కాదు. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కాబట్టి, పోకపోయినా పనికొచ్చేది కాదేమో. బల్ల దగ్గరే ఫోటో తీసి ఉండాల్సింది.

చట్టం మాత్రం మీ వైపే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదు, ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు వీటిని సవాలు చేస్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ పిటిషన్లను ఖర్చులతో సహా కొట్టేసింది. మీరు తిన్నది ఆ తర్వాతే. కాబట్టి ‘మెనూలో రాశాం’ అన్నది జవాబు కాదు. రాసిపెట్టినంత మాత్రాన ఐచ్ఛికమైనది తప్పనిసరి అయిపోదు. ఆ తీర్పు మీద అప్పీళ్లు వేశారు. ఫిర్యాదు దాఖలు చేసే రోజున వాటి సంగతి ఎంతవరకు వచ్చిందో చూసుకోండి.

ఇక 500 సంగతి. దాన్ని మరచిపోండి. టిప్పు మీరు ఇష్టపడి వెయిటరుకిచ్చిన డబ్బు, రెస్టారెంట్ తీసుకున్నది కాదు. పైగా అది మీకే అడ్డం తిరుగుతుంది: ‘సేవ నచ్చి విడిగా టిప్పు కూడా ఇచ్చిన మనిషిని మేం బలవంతపెట్టామా?’ అని అడుగుతారు. దాచకండి, ఫిర్యాదులో మీరే ముందుగా రాయండి. రెండు చెల్లింపుల సమయాలు ఫోన్‌లో చూడండి. టిప్పు ముందు వెళ్లి, బిల్లు తర్వాత కట్టి ఉంటే, సర్వీస్ ఛార్జీ వేస్తారని తెలియకముందే ఇచ్చానని చెప్పుకునే వీలుంటుంది. వరుస తిరగబడినా కేసు పోదు. బల్ల దగ్గర తినిపించినవాడికి ఇచ్చింది వేరు, యజమాని బిల్లులో కలిపింది వేరు అని విడమర్చి రాయాలి. సర్వీస్ ఛార్జీ వెయిటరుకే చేరుతుందనుకుని కట్టేసేవాళ్లు చాలామంది. అది చేరేది రెస్టారెంట్ ఖాతాకు. అందులోంచి సిబ్బందికి ఎంత దక్కిందో బిల్లు చూసి చెప్పలేం.

అంటే మీకు రావాల్సిన అసలు సొమ్ము 640 కాదు, టిప్పు కలిపిన 1,172 కూడా కాదు. సర్వీస్ ఛార్జీ 640, దాని మీద పడిన జీఎస్టీ 32, కలిపి 672. ఈ అంకె తప్పు రాస్తే మొదటి వాయిదాలోనే మీ మాట పలచబడుతుంది.

స్నేహితుడి బిల్లును మీదిగా పెట్టాలన్న ఆలోచన ఈ క్షణమే మానుకోండి. ఆ బిల్లు మీద తేదీ, బిల్లు నంబరు, టేబులు నంబరు ఉంటాయి. మీ చెల్లింపుతో ఒక్కటీ కలవదు. తేదీ దిద్దారో, అది ఫోర్జరీ. ఫిర్యాదుతో పాటు మీరు అఫిడవిట్ వేస్తారు, అందులో అబద్ధం చెబితే అది మరో నేరం. 672 రూపాయల కోసం క్రిమినల్ కేసు నెత్తికెత్తుకుంటారా? అదే బిల్లును నిజాయితీగా వాడుకునే దారి ఉంది. ‘ఇది నా బిల్లు, ఈ తేదీన నాకూ ఇలాగే వేశారు’ అని స్నేహితుడే తన పేరుతో అఫిడవిట్ ఇస్తే, అక్కడ అందరికీ ఇలాగే వేస్తున్నారనడానికి అది ఊతమవుతుంది. కావాలంటే ఆయన వేరే ఫిర్యాదు కూడా వేసుకోవచ్చు.

మీ బిల్లు మీ దగ్గర లేకపోయినా వాళ్ల దగ్గర ఉండాలి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ కింద వ్యాపారులు లెక్కల రికార్డులను, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. తేదీ, సుమారు సమయం, మొత్తం, ఫోన్ చెల్లింపులోని 12 అంకెల లావాదేవీ నంబరు రాసి, నకలు బిల్లు ఇమ్మని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. అదే ఈమెయిల్‌లో కూడా పంపండి. ఇవ్వకపోతే ఆ ఉత్తరం, పోస్టాఫీసు రసీదు జతచేసి, బిల్లు దాఖలు చేయించమని వినియోగదారుల కమిషన్‌ను అడగవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 38(9) కింద దానికి ఆ అధికారం ఉంది. ఆ రోజు మీతో తిన్నవాళ్లలో ఒకరిద్దరి అఫిడవిట్లు కూడా తీసుకోండి. మీరు ఛార్జీ తీసేయమన్నారు, వాళ్లు కాదన్నారు అన్నంత మేరకే రాయించండి. నాన్నగారి నిద్ర సంగతి అందులో అక్కర్లేదు. స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో తిప్పినవి కాకుండా, అసలు ఫైళ్లు ఫోన్‌లోనే ఉంచండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ రోజు పేజీ కూడా జతచేయండి.

గడువు సంగతి అన్నిటికన్నా కచ్చితం. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, అంటే 2027 మే 18 దాటకూడదు. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఇలాంటి చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. కానీ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఉన్నంతకాలం గడువు ఆగదు. లాయరు నోటీసు ఇచ్చినా ఆగదు. నోటీసులకు జవాబు కోసం చూస్తూ కూర్చుంటే కాలదోషం పడుతుంది. ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉన్నా, ‘వాళ్లు పిలుస్తారనుకున్నాను’ అన్నది తగిన కారణంగా ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లో కూర్చునీ దాఖలు చేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు.

ఫీజు లేదు కదా అని 5 లక్షలు రాయకండి. 672 రూపాయల వివాదంలో అంత అడిగితే అసలు న్యాయం వెనక్కి వెళ్లి, మీ దురాశ ముందుకొస్తుంది. 672 వాపసు, మానసిక వేదనకు సహేతుకమైన మొత్తం, కేసు ఖర్చులు, ఈ వసూలు ఆపాలన్న ఆదేశం అడగండి. ఆ చివరి కోరికను ఎక్కువమంది రాయడం మరిచిపోతారు, రెస్టారెంట్లు భయపడేది మాత్రం దానికే.

నోటీసు అందగానే 672 మీ ఖాతాలో వేసి, ‘అన్ని క్లెయిములూ తీరాయి’ అన్న కాగితం పంపే అవకాశం ఎక్కువ. సంతకం చేస్తే పరిహారం, ఖర్చులు అడిగే దారి అక్కడితో మూసుకుపోతుంది. డబ్బు వచ్చినట్టు మాత్రమే రాసిచ్చి, మిగతా కోరికలు అలాగే ఉన్నాయని ఆ రసీదులోనే చేర్చండి.