ఇంటర్‌క్రాస్‌లో మగవాళ్ళతో కలిసి ఆడితే దెబ్బలు తగులుతాయా?

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఇదే ప్రశ్న మా ఆయన్ని నేనడిగాను. మీరు మాంట్రియాల్ వచ్చి ఏడాది కాలేదు, ఆఫీసువాళ్ళు ఆడామగా కలిసి ఆడే ఇంటర్‌క్రాస్ జట్టులోకి రమ్మంటున్నారు, యూట్యూబ్‌లో లక్రాస్ అని కొడితే హెల్మెట్లు పెట్టుకుని ఒకరిమీద ఒకరు పడిపోతున్నారు, 36 ఏళ్ళొచ్చాక ఇదంతా అవసరమా అని కదా మీ భయం? మీరు చూసింది వేరే ఆట. రెండిట్లోనూ కర్ర చివర ఉన్న గరిటలాంటి దాంతో బంతి పట్టి, విసిరి, గోల్ కొట్టాలి; ఇంటర్‌క్రాస్ అందులో ఒళ్ళు తగలని మెత్తటి రకం. నేనూ మొదట అదే చూసి హడలిపోయాను.

ఆ వీడియోల్లో ఉన్నది మగవాళ్ళ ఫీల్డ్ లక్రాస్. జట్టుకి 10 మంది, ఒంటితో గుద్దొచ్చు, ఎదుటివాడి కర్రమీద కొట్టొచ్చు. బంతి గట్టి రబ్బరు ముద్ద, 145 గ్రాముల దాకా ఉంటుంది. మన క్రికెట్ బంతి 160 గ్రాములనుకుంటే, దానికి కాస్తే తక్కువన్నమాట. ఆరితేరినవాళ్ళు దాన్ని గంటకి 160 కిలోమీటర్లు దాటిన వేగంతో కొడతారు. ఇంటర్‌క్రాస్ బంతి అంతకంటే పెద్దది, మెత్తన, లోపల డొల్ల. కర్ర తలకి వల ఉండదు, మొత్తం ఒకే ప్లాస్టిక్ గరిట. తొడకి తగిలితే చురుక్కుమంటుంది, అంతే.

అసలు లక్రాస్ ఇక్కడి ఆదివాసులది. హోదెనొషోని జనం దాన్ని సృష్టికర్తకి ఇష్టమైన ఆటగా, జబ్బులు నయంచేసే ఆటగా చూస్తారు. 1867లో దానికి రూల్సు రాసిపెట్టిన విలియం జార్జ్ బీర్స్ మీరున్న ఊళ్ళోనే పళ్ళ డాక్టరు. ఇంటర్‌క్రాస్ కూడా మాంట్రియాల్ ఉన్న ఈ క్యూబెక్ రాష్ట్రం గడ్డమీద పెరిగిందే. దాని అంతర్జాతీయ సమాఖ్య 1985లో మొదలైంది. చెక్ దేశంవాళ్ళు కూడా బాగా ఆడతారు.

ఇక ఆట సంగతి. జట్టుకి గోలీతో (గోల్‌కీపరుతో) కలిపి ఐదుగురు. హాలు హ్యాండ్‌బాల్ కోర్టంత ఉంటుంది. బంతి గోడకి తగిలినా ఆట ఆగదు. ఒంటికి ఒళ్ళు తగలకూడదు, కర్రతో కర్రని కొట్టకూడదు, బంతి ఉన్నవాళ్ళు 5 సెకన్లలోపు ఎవరికైనా ఇచ్చెయ్యాలి, లేదా గోల్‌కి కొట్టెయ్యాలి. మరి ఎదుటి జట్టు దగ్గర బంతి ఎలా లాక్కోవాలి అంటారా? లాక్కోకూడదు. వాళ్ళు ఇంకొకరికి విసిరినప్పుడు మధ్యలో అందుకోవాలి. ఆటంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

మా ఆయన గుంటూరులో క్లబ్బు క్రికెట్ ఆడినమనిషి. "నువ్వు వెనకాల ఉండు, నేను చూసుకుంటా" అని దిగారు. మొదటి మ్యాచ్‌లో బంతి పట్టుకుని హాలు ఈ చివర్నించి ఆ చివరికి ఒక్కడే పరుగు. రిఫరీ వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడని చూసుకోలేదు. బంతి పోయింది. రెండోసారీ అదే. మూడోసారి, బంతి ఉన్న పిల్లాడి కర్రని ఠక్కున కొట్టి బయట కూర్చున్నారు. నేనేమో స్కూల్లో ఖోఖో, ఇంటిదగ్గర ఏడుపెంకులాట తప్ప ఎరగను. లాక్కునే అలవాటే లేదు కాబట్టి, ఖాళీగా ఎక్కడ నిలబడితే బంతి వస్తుందో అదే చూసుకునేదాన్ని. ఆ రోజు రెండు గోల్స్ కొట్టాను. ఇంట్లో ఈ విషయం ఎత్తకూడదు.

అయితే ఆ రోజుకి ముందు మూడు వారాలు నాకు బంతి పట్టడమే రాలేదు. గరిటకి తగలడం, టప్పున ఎగిరి అవతల పడడం. మాకు నేర్పిన పీటీ టీచరమ్మ, అరవై దాటినావిడ, నా ముంజేయి పట్టుకుని వెనక్కి లాగింది. బంతికి కర్ర ఎదురెళ్ళకూడదు, బంతితోపాటే వెనక్కి రావాలి. చెట్టుమీంచి కొబ్బరిబొండం జారవిడిస్తే చేతులు కిందికి దించుతూ పట్టుకుంటామే, అలాగ. విసిరేటప్పుడు పైచేత్తో తొయ్యకండి, కిందిచేత్తో కర్రని లాగండి. బంతి మీ కాళ్ళముందే పడుతోందంటే ఆలస్యంగా వదులుతున్నారని అర్థం. పరిగెత్తేటప్పుడు కర్రని పళ్ళెంలా అడ్డంగా పట్టుకుంటే బంతి దొర్లిపోతుంది. నిలువుగా పట్టి, ఊయల ఊపినట్టు మెల్లగా ఊపుతూ వెళ్ళాలి.

ఆడామగా సంగతి నిజంగా చెప్పాలంటే, అంతా సమానమేమీ కాదు. పొడుగ్గా ఉన్న మగవాళ్ళు గట్టిగా కొడతారు, గోలీగా నిలబడ్డవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది (ముసుగూ ఛాతీకవచం ఉంటాయిలెండి). మా రెండో జట్టులో ఒకాయన ఆడవాళ్ళవైపు బంతి విసిరేవాడే కాదు, మేం ఖాళీగా చేతులూపుతున్నా సరే. ఎవరూ ఏమీ అనలేదు. ఆ 5 సెకన్లే ఆయనకి బుద్ధిచెప్పాయి. మగవాళ్ళందరి దగ్గరా కాపలా ఉంటే, చచ్చినట్టు నాకే ఇవ్వాల్సొచ్చేది.

భాష గురించి కూడా అడిగారు. నాకు ఫ్రెంచి అప్పుడు బొంజూర్ దాటలేదు. ఖాళీగా ఉన్నప్పుడు "ఇసీ, ఇసీ" అని అరవాలి, ఇక్కడ అని. కంగారులో నా నోటినుంచి "ఇటు ఇటు" అనే వచ్చేది. ఇప్పుడు మా జట్టులో పక్కూరు లావల్ నుంచి వచ్చే కుర్రాడు కూడా "ఇటు" అనే అరుస్తున్నాడు, ఎదుటి జట్టుకి అర్థం కాదని.

నాలుగేళ్ళలో నాకు తగిలినవి: ఒక మడమ బెణుకు, అదీ ఎవరూ తగలకుండా నాకు నేనే తిరగబోతే, ఇంకా వేళ్ళమీద రెండు దెబ్బలు, రెండూ మా జట్టువాళ్ళవే. కంటికి దెబ్బ తగలకుండా రక్షణ అద్దాలు పెట్టుకోండి, ఎవరూ పెట్టుకోకపోయినా. వాలీబాల్ బూట్లయితే జారవు, బయట నడిచే బూట్లతో రానివ్వరు కూడా. కర్ర మాత్రం అప్పుడే కొనకండి, జిమ్‌లో ఇస్తారు.

గాజులూ, మెళ్ళోవీ తీసి బ్యాగులో పెట్టుకోండి. నా నల్లపూసలు ఒకసారి కర్ర తలలో చిక్కుకుని తెగి హాలంతా దొర్లాయి. రెండు జట్లవాళ్ళూ, రిఫరీతో సహా, ఆట ఆపి నేలమీద కూర్చుని ఏరారు. ఇంకా రెండు దొరకలేదు.