చేత్తో కారు కడిగి వ్యాక్స్ పట్టించేటప్పుడు పెయింట్‌పై గీతలు పడకుండా ఏం చేయాలి?

కొత్తగా నల్ల రంగు కారు కొన్నామని, ఇంటి దగ్గరే చేత్తో కడిగి వ్యాక్స్ పట్టించాలని ఉన్నా పెయింట్ పాడవుతుందేమోనని భయంగా ఉందని మీరు రాశారు. ఆ భయం సరైనదే. మాది ముదురు నీలం కారు. 2017లో కొన్నప్పుడు, మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో అందరి కార్లూ తుడిచే అబ్బాయికే దాన్నీ అప్పగించాం. అతను తెల్లవారకముందే వచ్చి, ఒక బక్కెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో ఇరవై కార్లు తుడిచి వెళ్లేవాడు. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి పెట్రోలు బంకు దీపాల కింద బానెట్‌ను చూస్తే, వెలుగు పడిన చోటల్లా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. అందులో అతని తప్పేమీ లేదు. ఆ ఒక్క బక్కెట్టుతో నేను తుడిచినా అదే జరిగేది.

ఇప్పటి కార్లకు రంగు పొర మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్ల దరిదాపుల్లో, అంటే దాదాపు తల వెంట్రుక కంటే పలచగా ఉంటుంది. మన హైదరాబాద్ గ్రానైటు నేల కావడంతో ఇక్కడి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు కలిసి ఉంటాయి, క్వార్ట్జ్ గాజును సైతం గీకగలదు. కాబట్టి పెయింట్‌ను గీసేది నీళ్లూ కాదు, షాంపూ కూడా కాదు. దుమ్ము మీద అదిమి నడిపిన గుడ్డ. రోజూ పొడిగా దులపడం, తడిగుడ్డతో పైపైన తుడవడం ఈ రెండూ మానేసి, వారానికో పది రోజులకో ఒకసారి సరిగ్గా కడగడం మేలని నా అనుభవం.

కారును నీడలో పెట్టి, బానెట్ మీద చెయ్యి ఆనిస్తే వేడి తగలనంతగా చల్లారిన తర్వాతే మొదలుపెట్టాలి. గుడ్డ తాకించకముందే పైకప్పు నుంచి కిందికి నీళ్లు ధారగా పోసి, వదులుగా ఉన్న దుమ్మునంతా దానంతట అదే జారిపోనివ్వాలి. మా సెల్లారులో పైపు లేదు కనుక, తోటల్లో మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్ లాంటిదే కొత్తది ఒకటి కొన్నాను. 5 లీటర్లతో ఈ పని బాగా జరుగుతుంది. ఆ తర్వాత రెండు బక్కెట్లు కావాలి: ఒకదానిలో కార్ల కోసం చేసిన షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో వట్టి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజును షాంపూ నీళ్లలో ముంచి, బరువు వేయకుండా తిన్నని గీతలో తుడిచి, ఒక భాగం పూర్తవగానే వట్టి నీళ్ల బక్కెట్టులో బాగా జాడించిన తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. మొదటిసారి ఇలా చేసినప్పుడు రెండో బక్కెట్టు అడుగున పేరుకున్న ఇసుకను చూసి, ఇన్నాళ్లూ ఇదంతా పెయింట్ మీదే తిరిగిందా అని మనసు చివుక్కుమంది. చక్రాలు, తలుపుల కింది భాగం చివర్లో, వేరే గుడ్డతో కడగాలి. చేతిలోంచి నేల మీద పడిన గుడ్డను ఆ రోజుకు పక్కన పెట్టేయాలి. అంట్లు తోమే సబ్బు వాడితే పాత వ్యాక్స్ కాస్తా పోతుంది. నీళ్లలో కిరోసిన్ చుక్కలు వేస్తే వచ్చే మెరుపు నూనె జిడ్డే తప్ప మరొకటి కాదు, అది మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.

నీళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి ఆరిన చోట తెల్లని మచ్చలు మిగులుతాయి, ఎండలో అలాగే వదిలేస్తే గట్టిగా పట్టేస్తాయి. తాగునీటి ఆర్వో ఫిల్టరు నుంచి బయటికి పోయే వృథా నీళ్లను పట్టి కారు కడిగేవాళ్లున్నారు. నీటిని ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్లలో లవణాలు మామూలు నీళ్లకంటే ఎక్కువగా ఉంటాయి కాబట్టి వాటిని చక్రాలకు మాత్రమే వాడి, చివరి కడుగు కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లతో కానిచ్చి, పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును పరిచి అద్దుతూ వెంటనే ఆరబెట్టాలి.

ఇక వ్యాక్స్. అది గీతలను పోగొట్టదు. గీతలను తీసేది పాలిష్, అందులో గరుకు పదార్థం ఉండి క్లియర్ కోట్‌నే కొద్దిగా అరగదీస్తుంది కాబట్టి ఏటేటా చేయించకూడదు. మా కారుకు ఒక్కసారే చేయించాను. వ్యాక్స్ ఆ పొర మీద కాపలా మాత్రమే. కార్నోబా వ్యాక్స్ ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం నుంచి వస్తుంది. ఎండకు ఆకులోని తడి ఆరిపోకుండా ఆ చెట్టు కప్పుకునే పొర అది. కడిగి ఆరబెట్టిన బానెట్‌పై, చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిమిరి చూడండి. ఇసుక తగిలినట్టు ఉంటే ముందు క్లే బార్‌ను, అంటే పెయింట్‌కు పట్టేసిన మురికిని లాగేసే మెత్తని బంకలాంటి ముద్దను, షాంపూ నీళ్ల తడిమీద తేలిగ్గా జరపాలి, పొడిగా ఎన్నడూ రుద్దకూడదు. వ్యాక్స్‌ను అద్దం మీద ఊపిరి ఊదితే పట్టే ఆవిరంత పలచగా, ఒక్కో భాగానికే పూసి, తెల్లగా మసకబారగానే శుభ్రమైన గుడ్డను మడతలు మార్చుకుంటూ తుడిచేయాలి. మందంగా పూసినంత మాత్రాన మెరుపు పెరగదు, తుడవడానికి బలం పెట్టాల్సి వస్తుంది, ఆ బలమే మళ్లీ గీతలు తెస్తుంది. నల్ల ప్లాస్టిక్ భాగాలకు అంటితే తెల్లగా మిగిలిపోతుంది కనుక ముందే టేపు అంటించుకోవాలి. మీ కారుది మెరుపు లేని మ్యాట్ పెయింట్ అయితే మాత్రం వ్యాక్స్ జోలికి వెళ్లవద్దు.

మన ఎండలకు నేను రెండు నెలలకోసారి పట్టిస్తున్నాను. నీళ్లు పోసినప్పుడు ముత్యాల్లా నిలవక పరుచుకుపోతే సమయం వచ్చినట్టే. దసరాకు రెండు రోజుల ముందు తప్పకుండా పట్టిస్తాను. వాహన పూజలో బానెట్ మీద పెట్టిన పసుపు కుంకుమలను మర్నాడు ఉదయం నీళ్లతో కాసేపు నానబెట్టి గ్లౌజుతో మెల్లగా తీస్తే, ఇన్నేళ్లలో ఒక్క మరక కూడా మిగలలేదు.