సీరియల్ రాస్తానంటూ చదువు మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. ఓ యాప్‌లో రోజుకో భాగం చొప్పున సీరియల్ రాస్తున్నాడు. ముప్పయ్యో భాగం దాటాక చదివేవాళ్లు బాగా తగ్గిపోయారు. అయినా చదువు మానేసి పూర్తిగా రాసుకుంటానంటున్నాడు. డిగ్రీనా, రచనా, ఏది మేలు? – ఓ తండ్రి

జవాబు: ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఆ భాగాల్లో మీరు ఎన్ని చదివారు? ఇలాంటి ఉత్తరం రాసే తల్లిదండ్రుల్లో చాలామంది ఒక్కటీ చదివుండరు. ఎంతమంది తగ్గారో మాత్రం టక్కున చెబుతారు. కథ కూడా మీకు మార్కుల మెమోనేనా సార్?

చదివేవాళ్లు తగ్గారంటే అబ్బాయికి రాయడం రాదని కాదు, కంగారుపడకండి. రోజూ ఏదో ఒకటి పెట్టాలన్న హడావిడిలో సాగదీత మొదలవుతుంది. హీరో నిద్ర లేస్తాడు, నిన్న జరిగిందే స్నేహితుడికి మళ్లీ చెబుతాడు, భాగం అయిపోతుంది. అలాంటి సీన్ తీసేసి తర్వాతి భాగం చదివి చూడమనండి. ఏ లోటూ తెలియకపోతే అది అక్కర్లేదు. సీన్ ముగిసేసరికి ఎవరికో కొత్త సంగతి తెలియాలి, లేదా వెనక్కి తీసుకోలేని పనేదో జరిగిపోవాలి. అలాగని అన్నీ పరుగులే అక్కర్లేదు. చావు జరిగిన ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని పూట కూడా కథే. కుర్రాళ్లు కోయకూడని చోట కోసేది ఇక్కడే. ఇక చివరి వాక్యంలో తలుపు చప్పుడు, మర్నాడు చూస్తే గాలి! ఈ ఎత్తు ఒక్కసారే చెల్లుతుంది.

ఆ యాప్‌లో భాగానికింత అని డబ్బొస్తుంటే, నా అనుమానమల్లా ఆ పద్ధతి మీదే. ముగిస్తే రాబడి ఆగుతుంది కాబట్టి ముగించబుద్ధి కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లిష్ నవలా రచయిత డికెన్స్ కూడా విడతలుగానే రాశాడు. కానీ ఆయన నెలవారీ నవలలు చాలావాటికి నెలకు 32 పేజీలు, మొత్తం 20 భాగాలు అని ముందే హద్దు ఉండేది. మీవాడికి ఆ హద్దు ఎవరూ గీయరు, తనే గీసుకోవాలి. ముగింపు ఇప్పుడే రాసి పెట్టుకుని, ఓ పది భాగాలు ముందుగా సిద్ధం చేసుకుంటే రోజువారీ కంగారు చాలావరకు పోతుంది.

డిగ్రీతో పోల్చమన్నారు. ఒకటి వదిలితేనే రెండోది దక్కుతుందన్న పరిస్థితి ఇంకా రాలేదు. చదువు ఆపనివ్వకండి, రాతా మాన్పించకండి. ముందు ఈ సీరియల్ ముగించమనండి. ఈలోగా మీరు మొదటి భాగం నుంచి చదవండి. ఎక్కడ ఆవలింత వచ్చిందో ఆ భాగం నంబరు అబ్బాయికి చెప్పండి.