40,000 కోర్సా, వంకలు పెట్టే సీనియరా?

తమ్ముడూ, ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా పని మీద పట్టు రాలేదనీ, 40,000 పోసి ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరమంటారా అనీ అడిగావు. ఇప్పుడే కట్టకు. నీ కోడ్‌లో లైను లైనుకీ వంక పెడతారన్నావే, ఆ సీనియర్‌ని పట్టుకో. వంక పెట్టాలంటే ముందు చదవాలి కదా! కోర్సులో నీ కోడ్ ఎవరు చదువుతారు?

పుల్లెల గోపీచంద్ ఒకప్పుడు సింధుని కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరవమన్నారు, అరిస్తేనే రాకెట్ పట్టుకోనిస్తానన్నారు. ఆట ఆమెకి వచ్చు, దూకుడే తక్కువ. ఆ లోటు వీడియో పాఠానికి కనపడదు. 2016 రియోలో వెండి పతకం సంగతి తెలిసిందే.

శుక్రవారం సాయంత్రం మీ సీనియర్‌ని టీకి పిలువు. "నేర్పండి సార్" అనకు, ఏం నేర్పాలో ఆయనకీ తోచదు. ఆ వారం ఆయన వంక పెట్టి వెనక్కి పంపిన కోడ్ ఒక్కటి తెరిచి, "ఇక్కడ మీరైతే ఏం చేసేవారు?" అను. చెప్పింది రాసుకో. అదే తప్పు మళ్లీ పట్టుకెళ్లావో, ఆ టీ అక్కడితో ఆఖరు. నా మొదటి మేనేజర్ దగ్గర నాకు జరిగిందదే.

జీతం, ఊరు మారడం లాంటివి మాత్రం ఆయన్ని అడక్కు, వాటికి మీ బాబాయి లాంటి మనిషి కావాలి. రెండు నెలలు చూసి ఇక్కడే రాయి, కోర్సు సంగతి అప్పుడు మాట్లాడదాం.